పెద్దన్న అర పెరుగుతోంది

లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి టెక్నీషియన్ లోపల నిలబడే ఉన్నాడు. వెనక గోడకు ఆనుకుని, భుజాన పనిముట్ల సంచీ, కాళ్ళ దగ్గర అట్టపెట్టెతో, తన అంతస్తు ఇంకా రాలేదన్నట్టు ఎదురుగా చూస్తున్నాడు. బయట నిలుచున్న ఒకావిడ మర్యాదగా పక్కకు జరిగింది. అతను దిగలేదు. ఆవిడ లోపలికెళ్ళి తన బటన్ నొక్కుకుని, ఊరికే ఉండటం బాగుండదని ఎండల గురించి నాలుగు మాటలు కూడా మాట్లాడింది. లిఫ్టు చిన్న కుదుపుతో ఆగినప్పుడు అతను ఆవిడ భుజం మీదికి వాలాడు. ఆవిడ కేక పక్క బిల్డింగ్ దాకా వినిపించిందట.

"చెవి వెనక సూది గుర్తు ఉంది," అన్నాడు డైరెక్టర్. "నువ్వు అతని యూనిఫాం వేసుకుని వెళ్ళాలి."

"అతనిదేనా?" అన్నాడు గుమాస్తా.

"అదే సైజు కొత్తది. మరీ అంత పిసినారి శాఖ కాదు మనది."

గుమాస్తా అసలు పేరు ఆ శాఖలో ఇద్దరు ముగ్గురికి తెలుసు, వాళ్ళూ దాన్ని వాడరు. ఏ దేశంలో ఏ ఆఫీసులోకి అడుగుపెట్టినా ఎవరో ఒకరు అతని చేతిలో కాగితం పెట్టి జిరాక్స్ తీసుకురమ్మంటారు. గూఢచారికి ఇంతకంటే వరమేం కావాలి? అలా తెచ్చిన జిరాక్సుల్లో ఒక కాపీ ఎప్పుడూ ఎక్కువే తీస్తాడు.

"పెట్టె పోయిందా?"

"పోలేదు. మారింది. మన హార్డ్ డిస్కుల పెట్టె తీసుకుని అచ్చం అలాంటిదే ఇంకొకటి పెట్టారు. దర్జీ ముఠా పని. ఇలా జరగబోతోందని నెమలి నిన్ననే చెప్పింది. మనమే ఆలస్యం చేశాం."

దర్జీ అంటే పొరుగుదేశంలో కూర్చుని ఇక్కడి మనుషుల కొలతలు తీసుకునేవాడు. అతన్ని చూసినవాళ్ళు లేరు. నెమలి అంటే ఆ డిస్కులు అమ్మే కంపెనీలో సేల్స్ మేనేజర్. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటుంది, ఆమె ముఠా కబుర్లన్నీ డైరెక్టర్‌కు మోస్తుంది. డబుల్ ఏజెంట్. ఆమె కారిడార్‌లో నడిచి వెళ్తే సెక్యూరిటీ వాళ్ళు ఐడీ కార్డు అడగడం మరిచిపోతారు. ఈ సంగతి తర్వాత విచారణలో కూడా వచ్చింది.

"ఆ డిస్కులు గుసగుసలాడతాయి," అన్నాడు డైరెక్టర్. "తమలోకి ఏది వచ్చి పడితే దాన్ని రేడియోలో బయటికి చెప్పేస్తాయి. ఎక్కడో ఒక వ్యాన్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాళ్ళు వింటూ ఉంటారు. అయితే గొంతుల గది గోడల్లో మొత్తం ఇనుప రేకు ఉంది. తలుపు మూసి ఉన్నంతసేపూ గుసగుస లోపలే. కాబట్టి ఆ తలుపు తీయడానికి వాళ్ళకు లోపల ఒక మనిషి ఉండాలి. ఉన్నాడనే నెమలి అంటోంది. నాకు ఆ మనిషి కావాలి. డిస్కులు పెట్టు. ఎవరు తలుపు దగ్గరికి వెళ్తారో చూడు. నిన్ను ముఠా పంపిన టెక్నీషియన్ అనుకుని 'ఇక్కడ గడియారం ఆగిపోయింది' అంటారు. 'నా వాచీ కూడా' అను. నెమలి కూడా నీ వెంట వస్తుంది."

గొంతుల గది గురించి ఇక్కడ చెప్పాలి. శాఖ మనుషులు ఏ ఊళ్ళో ఉన్నా ఒక నంబరుకు ఫోన్ చేసి, తమ అంకె చెప్పి, బీప్ మోగాక రిపోర్టు మాట్లాడతారు. ఆ మాటలు ఎవరి అరలో వాళ్ళవి పడి ఉంటాయి. మనిషి పోతే అతని అరకు తాళం పడుతుంది, ఇక ఎవరూ దాన్ని వినరు, చెరపరు. చెరపకూడదని ఏ రూలూ లేదు. మొదట్లో ఎవరిదో చెరపమంటే ఆపరేటర్‌కు చేతులు రాలేదట. ఆ తర్వాత ఎవరికీ రాలేదు. అందుకని బతికున్నవాళ్ళ గొంతులు చిన్న మిషన్‌లో ఉంటాయి, చనిపోయినవాళ్ళవి పెద్దదానిలో. ఆ పెద్దది కూడా ఇప్పుడు పీకల దాకా నిండింది. కొత్త డిస్కులు కలపడం అందుకే.

"చనిపోయినవాళ్ళ గొంతులతో దర్జీకి పనేంటి సార్?"

డైరెక్టర్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మన మిషన్ ప్రతి నెలా కంపెనీకి స్పేస్ రిపోర్టు పంపుతుంది. ఏ అర ఎంత నిండిందో అంకెలు, అంతే. ముఠా ఆ అంకెలు చూసింది. చనిపోయినవాళ్ళ అరలు పెరగవు కదా. ఒకటి పెరుగుతోంది."

"ఎవరిది?"

"పెద్దన్నది."

రెండేళ్ళ కిందట సరిహద్దు అవతల నది వంతెన మీద ముందు కారు పెద్దన్నది, వెనక కారు గుమాస్తాది. ముందు కారు రెయిలింగ్ విరుచుకుని నీళ్ళలోకి వెళ్ళింది. కారు దొరికింది, మనిషి దొరకలేదు. పెద్దన్న కారెక్కే ముందు పైన రెండుసార్లు తట్టేవాడు. అప్పటినుంచి గుమాస్తా ఏ కారులో కూర్చున్నా పైన ఎవరో రెండుసార్లు తట్టినట్టు వినిపిస్తుంది. డాక్టరుకు చెప్పాడు. డాక్టరు చెవులు శుభ్రం చేసి పంపాడు. ఇంకా వినిపిస్తూనే ఉంది.

"బతికే ఉన్నాడంటారా?"

"నేననడం లేదు. వాళ్ళంటున్నారు. వాళ్ళ దేశంలోనే ఎక్కడో దాక్కుని మనకు రిపోర్టులు పంపుతున్నాడని వాళ్ళ నమ్మకం. గొంతు చేతికొస్తే వాళ్ళ టెలిఫోన్ లైన్లన్నిట్లో పోల్చి చూస్తారు. దానికి వాక్యాలు కూడా అక్కర్లేదు, ముక్కలు చాలు."

"మరి ఆయన్నే ఎర పెడుతున్నారా?"

"చనిపోయినవాణ్ణి ఎర ఎలా పెడతాను? బతికుంటే నాకు చెప్పేవాడు." డైరెక్టర్ గొంతు తగ్గించాడు. "వదినకైతే చెప్పేవాడేమో. ఆ గది తాళం ఆమె దగ్గరే ఉంది. అర పెరుగుతోందని ఆమెకు తెలియకుండా ఉండదు. మాతో అనలేదు. ఎందుకో కనుక్కో."

పెద్దన్న శాఖ మొత్తానికి పెద్దన్న కాబట్టి, ఆయన భార్య అందరికీ వదిన. ఆయన పోయాక శాఖ ఆమెకు గొంతుల గది అప్పజెప్పింది. డైరెక్టర్ కూడా ఆమెను వదినా అనే పిలుస్తాడు, ఆమెకంటే పదేళ్ళు పెద్దవాడైనా.

గుమాస్తాకు ల్యాబ్ వాళ్ళు నెరిసిన మీసం, కంపెనీ టోపీ, ఒక బొజ్జ ఇచ్చారు. బొజ్జ లోపల తుపాకి గుండు ఆపే జెల్ ఉందట. "కూర్చునేటప్పుడు జాగ్రత్త, చప్పుడు చేస్తుంది," అన్నారు. చేసింది కూడా, నెమలి పక్కన కారులో కూర్చున్నప్పుడు.

"టెక్నీషియన్ గారికి మధ్యాహ్నం భోజనం పడలేదా?" అంది నెమలి, కిటికీలోంచి బయటికి చూస్తూ. ఆకుపచ్చ పట్టుచొక్కా, ఎత్తు మడమల చెప్పులు, చేతిలో చిన్న సంచీ. గుమాస్తా నవ్వలేదు. కారు పైన ఎవరో రెండుసార్లు తట్టారు.

గొంతుల గదిలో చలి ఎముకల్లోకి దిగుతుంది. నిలువెత్తు ఇనుప అలమరాలు, వాటినిండా డిస్కులు, ఒక్కో డిస్కు ముందు గింజంత ఆకుపచ్చ దీపం. ఫ్యాన్ల హోరు ఒకటే. ఇన్నేళ్ళూ ఎప్పుడొచ్చినా గుమాస్తాకు ఆ హోరులో మాటలున్నట్టు అనిపించేది. ఇవాళ నిజంగానే చెవులు రిక్కించాడు.

వదిన స్వెట్టర్ చేతులు మోచేతుల పైకి లాక్కుని ఎదురొచ్చింది. తలుపు ఆమె అరచెయ్యి ఆనిస్తేనే తెరుచుకుంటుంది. ముగ్గురూ లోపలికొచ్చాక ఆమే మూసింది. లోపలి గడియలు ఒకటొకటిగా పడ్డాయి.

"ఎంతసేపు పడుతుంది మేడమ్?" అంది నెమలి.

"దానికి నచ్చినంతసేపు. చలిగా ఉంటే ఆ శాలువా కప్పుకోండి."

గుమాస్తా పెట్టె విప్పి మొదటి డిస్కును ఖాళీ గూట్లోకి జరిపాడు. పిడి నొక్కితే క్లిక్ అంది. డిస్కు లోపల తిరగడం మొదలై, పసుపు దీపం ఆకుపచ్చ అయ్యేదాకా ఆగి, అప్పుడు రెండోది. ఇందులో తొందర పనికిరాదు. డిస్కులన్నీ పెట్టాక వదిన కంప్యూటర్ దగ్గర ఏవో నొక్కింది. తెర మీద సన్నటి గీత ఒకటి మెల్లగా పొడవు పెరగసాగింది.

"ఇప్పుడిది పాత డిస్కుల్లో ఉన్నదంతా ముక్కలు చేసి కొత్తవాటితో కలిపి మళ్ళీ పంచుతుంది," అంది వదిన, కొత్తవాడికి చెబుతున్నట్టు. "ఆ పంపకం అయ్యేదాకా ఏదీ లాగకూడదు. ఒకటి పోతే తట్టుకుంటుంది, రెండు పోయినా తట్టుకుంటుంది. మూడోది కూడా లాగావంటే అందరూ పోతారు."

"బ్యాకప్ లేదా?"

"రెండో కాపీ ఉంటే రెండో దొంగ పుడతాడని మీ డైరెక్టర్ ఒప్పుకోడుగా." అలమరా వెనక్కి తిరుగుతూ ఆమె గొంతు తగ్గించింది. "ఎడమవైపు మీసం ఊడొస్తోంది, గుమాస్తా. ఇలా రా."

నెమలి తలుపు పక్క కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చుంది. ఆ హోరులో అలమరాల వెనక మాటలు ఆమెకు వినిపించవు. గుమాస్తా మీసం సర్దుకున్నాడు. అడగాలనుకున్నది నేర్పుగా అడగాలని దారంతా అనుకున్నాడు. ఇరవయ్యేళ్ళ ట్రెయినింగ్ ఎటుపోయిందో, చిన్నపిల్లాడిలా అడిగేశాడు.

"వదినా, అన్న బతికే ఉన్నాడా?"

ఆమె మొహంలో రంగు పోయింది. "ఎవరన్నారు?"

"ఆయన అర పెరుగుతోంది. డైరెక్టర్‌కు తెలిసింది. ముఠాకీ తెలిసింది. చెప్పు వదినా. నాకు చెప్పు. ఎక్కడున్నాడు?"

వదిన అలమరాకు చెయ్యి ఆనించింది.

"అది ఆయన కాదురా. నేను."

గుమాస్తాకు అర్థం కాలేదు.

"ఆయన అరకు తాళం వేయలేకపోయాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆ నంబరుకు ఫోన్ చేసి ఆయన అంకె చెబుతాను. బీప్ అంటుంది. మాట్లాడతాను. మొదటిరోజు కుళాయి కారుతోందని చెప్పానంతే. చివర్న ఆ మిషన్ గొంతు 'మీ రిపోర్టు అందింది' అంది. ఇంట్లో నేనేం చెప్పినా అందిందనేవాళ్ళు లేరు గుమాస్తా. మర్నాడు మళ్ళీ చేశాను."

ఏ మనిషైనా ఒక మనిషి కోసం ఒకసారే ఏడుస్తాడంటారు కానీ, గుమాస్తా ఆ అలమరాల మధ్య నిలబడి పెద్దన్నను రెండోసారి పోగొట్టుకున్నాడు. మొదటిసారి కనీసం నీళ్ళైనా ఉన్నాయి చూడటానికి. ఈసారి ఆకుపచ్చ దీపాలు తప్ప ఏమీ లేవు. ఉదయం నుంచి ఈ కాస్సేపటికే తను ఎంత ఆశ పెంచుకున్నాడో తలుచుకుంటే అతనికి తన మీదే కోపం వచ్చింది.

కళ్ళు తుడుచుకున్నాక గూఢచారి బుర్ర మళ్ళీ పనిచేసింది.

"ఏమేం చెప్పావు వదినా?"

"అన్నీ."

"అన్నీ అంటే?"

"ఆయన రోజూ అడిగేవేగా. మనవాళ్ళు ఎవరెక్కడున్నారు, తింటున్నారా లేదా అని. ఆ పళ్ళ డాక్టరు వేషంలో వెళ్ళిన పిల్ల ఏ వీధిలో క్లినిక్ పెట్టిందో చెప్పాను. ఆ సంగీతం మాస్టారు ఏ పేరుతో ఉన్నాడో చెప్పాను. రిపోర్టులన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయిగా, నాకు తెలియనిదేముంది? నీ గురించి అయితే..." ఆమె ఆగింది. చేత్తో నోరు మూసుకుంది. "అయ్యో. ఆ అరలో బతికున్నవాళ్ళంతా ఉన్నారు."

ముక్కలు చాలు అన్నాడు డైరెక్టర్. వీధి పేరు ముక్క చాలు. మారుపేరులో సగం చాలు. ముఠా చనిపోయినవాడి కోసం వల వేసి, తెలియకుండానే శాఖ మొత్తం మీద వేసింది.

గుమాస్తాకు ఇంకొకటి కూడా తట్టింది. ఇంతవరకు గడియారం గురించి ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడాల్సిన లోపలి మనిషి ఎవరూ లేరు కాబట్టి. ఈ గదిలో ఉన్నది ముగ్గురే. లోపలి మనిషి ఉన్నాడని చెప్పింది ఎవరు? నెమలి. పక్కనుండి డిస్కులు పెట్టించడానికి వచ్చింది ఎవరు?

అతను అలమరా పక్కనుంచి బయటికొచ్చేసరికి నెమలి చెప్పులు విడిచి కుర్చీ మీద నిలబడి ఉంది. చేతిలో లిప్‌స్టిక్. దాని మొననుంచి నీలంగా మంట. పైకప్పులో పొగ పసిగట్టే గుండ్రటి బిళ్ళకు ఆ మంట ఆనుతోంది.

సైరన్ మోగింది. అగ్గి పుడితే ఆ గదిలో నీళ్ళు పడవు, గాలి లేకుండా చేసే గ్యాస్ వస్తుంది. మనుషులు చావకుండా ముందు తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది. ఎవరి అరచెయ్యీ అక్కర్లేదు. ఈ ఏర్పాటు చేసినవాళ్ళు మనుషుల ప్రాణం గురించి ఆలోచించారు, పాపం.

"గది ఖాళీ చేయండి. తలుపు తెరుచుకుంటోంది," అంది స్పీకర్.

మొదటి గడియ పైకి లేచింది.

"కదలకండి గుమాస్తా గారూ," అంది నెమలి. రెండో చేతిలో పిస్టల్, అరచేతిలో పట్టేంతది. "మీసం బాగా నప్పింది. తీయకండి."

"లిఫ్టులో అతన్ని కూడా నువ్వేనా?"

"ఎండల గురించి మాట్లాడాను. సూది సంగతి అతను గమనించనే లేదు. ఆ తర్వాత వచ్చినావిడ కూడా ఎండల గురించే మాట్లాడిందట, నవ్వొచ్చింది."

గుమాస్తా దూకాడు. పిస్టల్ పేలింది. గుండు బొజ్జలో దిగి అక్కడే ఆగింది, కానీ దెబ్బకు అతను వెల్లకిలా పడ్డాడు. ఊపిరి అందలేదు. రెండో గడియ లేచింది. పడినచోట నుంచి అతనికి వదిన కనిపిస్తోంది, కొత్త డిస్కుల ముందు.

"లాగెయ్ వదినా!"

ఆమె మొదటి డిస్కు పిడి తిప్పి లాగింది. దాని దీపం ఆరిపోయింది. రెండోది లాగింది. మూడోదాని మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది.

"నేను చెప్పినవి పోతే పోనీరా," అంది. "ఆయన చెప్పినవి కూడా ఇందులోనే ఉన్నాయి."

గుమాస్తాకు కూడా ఆ గొంతు కావాలి. లాగొద్దు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఎక్కడో ఒక వీధిలో ఒక పిల్ల ఎవరిదో పన్ను చూస్తూ ఉంటుంది ఇప్పుడు. వాళ్ళిద్దరూ ఆ పిల్ల గురించే ఆలోచించారేమో, ఒకరినొకరు చూసుకున్నారు.

నెమలి పిస్టల్ అటు తిప్పింది. గుమాస్తా కాలు చాచి కుర్చీని తన్నాడు. గుండు పైకప్పులోకి పోయింది, నెమలి నేలమీదికి వచ్చింది.

"తలుపు తెరుచుకుంది," అంది స్పీకర్, చివరి గడియ ఇంకా లేస్తూ ఉండగానే.

వదిన మూడోది లాగింది. నాలుగోది, ఐదోది, ఆరోది, పెళ్ళివారింటి బీరువా సర్దుతున్న మనిషిలా వరసగా లాగేసింది. ఒక్కసారిగా అలమరా అంతటా ఆకుపచ్చ దీపాలు పసుపయ్యాయి. అంత హోరులోనూ ఏదో ఒకటి తగ్గినట్టు గుమాస్తాకు తెలిసింది. తెర మీది గీత ఆగిపోయింది. తలుపు బార్లా తెరుచుకుంది. గ్యాస్ రాకముందే బయట ఎవరో మీట నొక్కి ఆపేశారు. ఎదురుగా సెక్యూరిటీ వాళ్ళు, వాళ్ళ వెనక కారిడార్, దాని చివర కిటికీ, కిటికీ అవతల రోడ్డు మీద ఎక్కడో ఒక వ్యాన్. ఆ వ్యాన్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళకు ఏమీ వినిపించలేదు.

"అందరూ పోయారు," అంది వదిన. డిస్కును ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూర్చుండిపోయింది.

సెక్యూరిటీ వాళ్ళు రెక్కలు పట్టుకుని తీసుకెళ్తుంటే నెమలి వెనక్కి తిరిగి చూసింది. "మొగుణ్ణి కాపాడుకున్నావు," అంది. "వాడెక్కడున్నా దర్జీ వెతికి పట్టుకుంటాడు."

వదిన కాదనలేదు.

డైరెక్టర్ జరిగినదంతా విన్నాడు కానీ, ఆమెను తిట్టలేదు. నాలుగు రోజులపాటు ఆయన తన గదిలో పచార్లు చేశాడు. ఆ తర్వాత ఇద్దరినీ పిలిపించాడు. మంచి డిస్కులతో పెద్ద మిషన్ మళ్ళీ లేచి నిలబడింది. అరలన్నిటికీ పాత పేర్లే పెట్టారు, లోపల ఏమీ లేకపోయినా.

"పెద్దన్న బతికున్నాడని దర్జీ ఇంకా నమ్ముతున్నాడు," అన్నాడు డైరెక్టర్. "ఆయన్ని వెతకడానికి మనుషుల్ని దింపాడు. అలా వెతుకుతున్నంతకాలం మనవాళ్ళ జోలికి రారు. కాబట్టి ఆ అర పెరుగుతూ ఉండాలి. కంపెనీకి అంకెలు వెళ్తూ ఉండాలి, అక్కడ దర్జీ మనుషులు ఇంకా ఉన్నారు. వదినా, మీరు రోజూ ఆ ఫోన్ చేయాలి. ఇది ఆర్డర్."

"ఏం మాట్లాడాలి సార్?"

"మనవాళ్ళ ఊసు తప్ప మీ ఇష్టం. వాళ్ళకు వెళ్ళేది అంకె ఒక్కటే. మాటలు ఎవరూ వినరు."

"ఎవరూ వినరని నాకు తెలుసు," అంది వదిన.

మర్నాడు అన్నం తిన్నాక ఆమె తల దువ్వుకుని, గొంతుల గది పక్కనున్న తన గదిలో ఫోన్ ముందు కూర్చుంది. తోడు ఉండమంటే గుమాస్తా కూడా కూర్చున్నాడు. నంబరు నొక్కింది. అంకె చెప్పింది. బీప్ మోగింది.

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. గుమాస్తా వైపు చూసింది. ఫోన్ చేత్తో మూసి, "డ్యూటీ అనేసరికి ఆయనతో ఏం మాట్లాడాలో తోచడం లేదురా," అంది. కుళాయి గురించి చెప్పమన్నాడు. బాగు చేయించాను కదా అంది. ఎండల గురించి చెప్పమనబోయి ఆగిపోయాడు.

ఆమె ఫోన్ పెట్టేయలేదు. చెవి దగ్గర అలాగే పట్టుకుంది. రెండో చేత్తో కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. గుమాస్తా లేచి కిటికీ మూశాడు, ఎందుకో అతనికే తెలియదు. గోడ అవతల ఫ్యాన్ల హోరు తప్ప ఏమీ లేదు. తెర మీద పెద్దన్న పేరు పక్కన అంకె మాత్రం కదులుతూనే ఉంది. మాట్లాడినా మాట్లాడకపోయినా డిస్కులో పట్టే చోటు ఒక్కటే. ఇద్దరూ అలా సాయంత్రం దాకా కూర్చున్నారు.

దర్జీ ముఠా లెక్క ప్రకారం పెద్దన్న ఆ రోజు చాలాసేపు మాట్లాడాడు.